పిట్టల్ని సాక్ష్యానికి పిలిస్తే...

ఆడవాళ్ళకు బుద్ధి చెప్పాలనిపించినప్పుడల్లా మనవాళ్ళకు ఎందుకో పక్షులు గుర్తొస్తాయి. మగవాళ్ళకు చెప్పాల్సి వస్తే సింహమో, ఏనుగో, మరీ తప్పకపోతే చీమో ఉదాహరణకు వస్తుంది. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల్లిపక్షి సిద్ధం. "నోరులేని పిట్ట! అదే పిల్లల్ని వదిలి కదలదు, నీకేం వచ్చింది?" అంటారు. పసిబిడ్డను ఇంట్లో ఉంచి ఉద్యోగానికి వెళ్ళే ఏ తల్లిని అడిగినా ఈ మాట ఎన్నిసార్లు విందో లెక్క చెప్పలేదు. అనేవాళ్ళలో పిట్టను నిదానంగా ఓ పది రోజులపాటు గమనించినవాళ్ళు ఎందరని నాకో సందేహం. అసలు నోరులేదన్న మాటే చూడండి. తెల్లవారుజామున మా పెరట్లో వేపచెట్టు కింద నిలబడి ఆ మాట అనమనండి, చూద్దాం!

నేను చదివింది బి.ఏ. చరిత్ర, తెలుగు సాహిత్యం తప్ప జంతుశాస్త్రం మొహం చూసినదాన్ని కాదు. అయితే పుట్టిల్లు జనగామ, చెల్లెలి కాపురం మహబూబాబాద్, అన్నయ్య ఉద్యోగం భూపాలపల్లి కావడంతో, పండగకో పురిటికో ఈ మూడు ఊళ్ళ మధ్యా తిరుగుతూనే ఉంటాను. ఒకప్పుడు మూడూ వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణాలయ్యాయి. చుట్టరికాలకూ పిట్టలకూ మాత్రం ఆ హద్దులు పట్టవు. నవలలు రాసేవాళ్ళకు పరాయి సంసారాల్లోకి తొంగిచూడడం పాత అలవాటు కదా, ఆ అలవాటు మనుషుల ఇళ్ళు దాటి పిట్టల గూళ్ళ దాకా పోయింది. చూసినవీ, పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నవీ ఐదు సంసారాల సంగతులు చెబుతాను. సాక్ష్యం సంగతి మీరే తేల్చండి.

జనగామ వైపు బస్సులో వెళ్ళేవాళ్ళకు కిటికీలోంచి ముందు కనిపించేవి తాటిచెట్లు. నా చిన్నప్పుడు వాటి మధ్య ఎక్కడ చూసినా వ్యవసాయ బావులుండేవి. బోర్లు వచ్చాక ఎన్నో బావులు ఎండిపోయాయి, కొన్ని పూడ్చేశారు. మిగిలినవాటిలో నీళ్ళ మీదికి వంగిన తుమ్మకొమ్మో ఈతచెట్టో ఉంటే, వానలు పడ్డాక అక్కడ గిజిగాడి గూళ్ళు వేలాడతాయి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పాము రావాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. ప్లాట్లు కొనేటప్పుడు మనకు కూడా ఆపాటి ముందుచూపు ఉంటే ఎంత బావుండును!

ఈ పిట్ట మీద గుర్రం జాషువాగారు ఏకంగా ఓ ఖండిక రాశారు. మనలో చాలామందిమి బడిలో చదువుకున్నదే. ఆ గూడు అల్లే పనివాడు మగపిట్ట. వరి ఆకునో, గడ్డిపోచనో, తాటాకునో ముక్కుతో గాటుపెట్టి, సన్నని పీలికగా చీల్చుకుని ఎగిరొస్తాడు. ఒక గూటికి ఐదువందల దాకా రాకపోకలు, దాదాపు 18 రోజుల పని. సగం అయ్యేసరికి అది వేలాడదీసిన టోపీలా ఉంటుంది. అప్పుడు మొదలవుతాయి పెళ్ళిచూపులు. మగపిట్టలన్నీ తమ తమ సగం గూళ్ళను పట్టుకుని, రెక్కలు టపటపలాడిస్తూ ఒకటే గోల. ఆడపిట్ట వస్తుంది. లోపలికి దూరుతుంది. అల్లిక పీకి చూస్తుంది. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే మారు మాట్లాడకుండా పక్క గూటికి పోతుంది. కట్నం లేదు, కాఫీ కప్పులు పట్టుకుని తల దించుకోవడం లేదు. పాట పాడమనడం మాత్రం ఉంది. అదీ మగపిట్ట వంతే!

ఇంతవరకూ విని ఆడవాళ్ళం మురిసిపోతామా, తర్వాతి సంగతి వినండి. ఆవిడ ఒప్పుకోగానే ఆయన మిగతా గూడూ, కిందికి దిగే గొట్టంలాంటి ద్వారమూ పూర్తిచేస్తాడు. ఆవిడ రెండు నుంచి నాలుగు గుడ్లు పెట్టి కూర్చుంటుంది. ఆయన? పక్కకొమ్మ మీద ఇంకో సగం టోపీ మొదలుపెడతాడు! మళ్ళీ రెక్కల టపటప, మళ్ళీ పెళ్ళిచూపులు. ఈ గుట్టు బయటపెట్టిన మహానుభావుడు సలీం అలీ. జర్మనీ నుంచి తిరిగొచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేక, 1930లో బొంబాయి దగ్గర కిహిం అనే సముద్రతీరపు పల్లెలో ఉంటూ, గిజిగాళ్ళను రోజుల తరబడి గమనించి లెక్కలు రాసుకున్నాడు. ఆ తర్వాత ఆయనే మన నిజాం రాష్ట్రమంతా తిరిగి పక్షుల వివరాలు సేకరించాడు. 1933-34లో అవి అచ్చయ్యాయి. మనిషికి ఖాళీ దొరికితే ఎంత పని చేయొచ్చో చూడండి.

పొదగడం, మేత తేవడం దాదాపుగా ఆ తల్లి వంతే. అన్యాయం అనిపిస్తుంది కదూ? శాస్త్రజ్ఞులు చెప్పే కారణం వేరు. వానాకాలం గడ్డిగింజలు, పురుగులు దండిగా దొరుకుతాయి. ఒక్కతే అయినా పిల్లల్ని సాకగలదు. పైగా పాము ఎక్కలేని ఇల్లు ముందే అమరింది. గూట్లో గిజిగాడు తడిమట్టి ముద్దలు అంటిస్తుంది, వాటికి మిణుగురు పురుగుల్ని గుచ్చి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. మట్టి ముద్దలు నిజమే, దీపాలు మాత్రం నాయనమ్మవి.

ఆ తాటిచెట్ల మధ్యే ఇంకో కాపురం ఉంది. తల ఎండి మోడుగా నిలబడ్డ తాటిచెట్టు మనకు పనికిమాలినది, వంటచెరకు. పాలపిట్టకు అది మేడ. ఆ మోడు తొర్రలో మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. పిల్లలు వచ్చాక ఆలుమగలిద్దరూ మిడతలూ పురుగులూ మోస్తారు. నెలరోజుల పైమాటే ఈ చాకిరీ. 2014లో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. దసరా నాడు చూస్తే శుభమని మనం వెతుక్కుంటూ పోతాం. చూసేందుకు వీలుగా దాన్ని పట్టి పంజరంలో పెట్టి తిప్పేవాళ్ళూ ఉన్నారు. శుభం మనకేగానీ దానికి కాదేమో మరి. దసరా పాలపిట్టకు దండం పెట్టే చేత్తోనే ఆ మోడు కొట్టించకుండా ఓ ఏడాది ఆగితే, దానికి అంతకంటే పెద్ద పూజ ఉండదు.

ఇక మహబూబాబాద్. మేమింకా మానుకోట అనే అంటాం. ఆ జిల్లాలో బయ్యారం చెరువు ఉంది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువని అక్కడి శాసనమే చెబుతోంది. ఆడది చెరువు తవ్విస్తే ఇంటి పనులు ఎవరు చూశారని అప్పుడెవరైనా అడిగారో లేదో శాసనంలో రాయలేదు! మానుకోట చుట్టుపక్కల తామరా కలువా అల్లుకున్న చెరువు ఎక్కడైనా కనిపిస్తే కాసేపు గట్టు మీద కూర్చోండి. ఆకుల మీద అలవోకగా నడిచిపోయే పొడుగువేళ్ళ పిట్ట కనిపించవచ్చు. జకానా అని పుస్తకాల పేరు. వాటిలో ఒక జాతికి వానాకాలంలో నెమలికున్నట్టు పొడుగాటి తోక వస్తుంది.

ఈ జకానాల ఇంట్లో అంతా తలకిందులు. ఆడది పెద్దది, మగవాడు చిన్నవాడు. నీళ్ళ మీద తేలే నాలుగు ఆకుల కుప్పే గూడు. ఆవిడ అందులో నాలుగు గుడ్లు పెట్టి, ఇంకో మగవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. అక్కడ ఇంకో నాలుగు. నాలుగు వారాలకు దగ్గరగా గుడ్లు పొదిగేదీ, పిల్లలొచ్చాక కాపలా కాసేదీ తండ్రే. నీళ్ళు పెరిగి గూడు మునిగేలా ఉంటే గుడ్లను ముక్కుకీ రొమ్ముకీ మధ్య ఇరికించుకుని వేరే చోటికి చేరుస్తాడు. ఎందుకిలా అంటే, తేలే గూడు కదా, వరదకో గద్దకో గుడ్లు పోవడం మామూలు. పోయిన చోట వెంటనే మళ్ళీ పెట్టాలంటే తల్లికి ఒంట్లో సత్తువ మిగలాలి. అంచేత మిగతా పనంతా తండ్రి మీద పడింది. ఇక్కడ తల్లిని నిందించే పిట్ట ఒక్కటీ కనబడదు. తండ్రి త్యాగం మీద పాటలూ లేవు.

భూపాలపల్లి దారి వేరు. ఒకపక్క సింగరేణి బొగ్గుగనులు, ఇంకోపక్క టేకు అడవి. ఊళ్ళ పొలిమేరల్లో మర్రీ రావీ మేడీ ఉన్నచోట బూడిదరంగు కొమ్ముపక్షి తిరుగుతుంది. ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఉంటుంది, అందుకే ఇంగ్లీషువాళ్ళు హార్న్‌బిల్ అన్నారు. గుడ్లు పెట్టే వేళకు ఆడపక్షి చెట్టుతొర్రలో దూరి, మట్టితోనూ తన రెట్టతోనూ లోపలి నుంచి ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మిగులుతుంది, అంతే. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఎగరలేదు. వారాల తరబడి ఆ సందులోంచి పళ్ళు అందించేది మగపక్షి. పిల్లలు కాస్త ఎదిగి, తన ఈకలు తిరిగి మొలిచాక తల్లి గోడ బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది.

తల్లిపక్షి త్యాగానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం కావాలా అంటారు మన పెద్దలు. కావాలి. ఆ సందు దగ్గరికి రోజంతా తిరిగే మగపక్షిని కూడా పిలవాలి. నోటినిండా మేడిపళ్ళు తెచ్చి, ఒక్కొక్కటే పైకి తెచ్చుకుని అందిస్తాడు. వేటగాడి దెబ్బకు ఆయన పోయాడా, లోపలున్న తల్లీపిల్లలకూ గండమే. నాలుగు గోడల మధ్య ఉండే దాని గురించి ఎన్ని కథలైనా చెప్పుకుంటాం. బయట నిలబడి అన్నీ అమర్చేవాడు లేకపోతే ఆ గోడ గూడు కాదు, సమాధి.

అన్నయ్య వాళ్ళ క్వార్టర్ వెనక ఇంకో రకం కుటుంబం ఉంది. మట్టిరంగు పిట్టలు, ఆరేడు కలిసి ఎండుటాకులు ఎగజల్లుతూ, కీచుకీచుమని పోట్లాడుకుంటున్నట్టు తిరుగుతాయి. ఉత్తరాదివాళ్ళు వీటిని సాత్ భాయీ, అంటే ఏడుగురు అన్నదమ్ములని పిలుస్తారు. ఇంగ్లీషువాళ్ళకు అవే ఏడుగురు అక్కచెల్లెళ్ళు! ఆ గుంపులో ఒక జంట గుడ్లు పెడితే పిల్లలకు మేత తెచ్చేది గుంపంతా. అన్నలు, అక్కలు, బాబాయిలు, ఎవరి నోట ఏది దొరికితే అది. మన ఉమ్మడి కుటుంబాలే! పేచీలు కూడా అలాగే ఉంటాయి, పని కూడా అలాగే జరిగిపోతుంది.

ఈ ఐదింటి పక్కన కోకిలను నిలబెడితే కేసే తారుమారు. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, పాట మాత్రం మన కవులందరి నోటా అదే. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, కోకిలపిల్లను కూడా అంతే ముద్దుగా పెంచే కాకికి మనం ఒక్క పద్యం కూడా సరిగా ఇవ్వలేదు.

ఈ సంగతులన్నీ ఎక్కడ పనికొచ్చాయో చెబుతాను. అన్నయ్య కూతురు మానుకోట దగ్గర ఓ పల్లెలో టీచరు. భర్తకు భూపాలపల్లి గనిలో ఉద్యోగం, వారానికో షిఫ్టు. మొదటి కాన్పు. ఆరునెలల ప్రసూతి సెలవు ఇంకో పదిహేను రోజుల్లో అయిపోతుందనగా అందరం పోగయ్యాం. పిల్ల మామగారు జనగామ పక్క పల్లెలో ముప్ఫై ఏళ్ళు తాళ్ళెక్కిన మనిషి. మోకు, ముత్తాదు పక్కనపెట్టి రెండేళ్ళయింది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నారు:

"కొలువు ఇడిసిపెట్టు బిడ్డా. పిట్ట సుత గుడ్లు పెట్టినంక గూడు ఇడిసిపోదు."

పిల్ల ఏమీ అనలేదు. ఒళ్ళో బిడ్డ జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. డీఎస్సీ కోసం రెండేళ్ళు రాత్రింబవళ్ళు చదివిన పిల్ల. ఆ ఉద్యోగం దానికి జీతం మాత్రమే కాదు, తన పేరు. ఆ మౌనం చూసి నాకు గొంతు పట్టేసింది. ఆయన నాకు వరసకు బావ, కాబట్టి వేళాకోళానికి హక్కుంది. వాదనకు దిగితే మనిషి బిగుసుకుంటాడని తెలుసు. అందుకని అడిగాను:

"బావా, ముప్ఫై ఏళ్ళు చెట్ల మీదున్నారు. గిజిగాడి గూడు ఎవరల్లుతారు?"

"మగదే అల్లుతది వదినె. ఆడది ఊకె సూసిపోతది."

"మరి మోడు తాటిలో పాలపిట్ట పిల్లలకు మేత ఎవరు తెస్తారు?"

"రెండూ తెస్తయి. ఒకటి పోతే ఒకటొస్తది. నేను లొట్టి దించుకుంట శానాసార్లు సూసిన." అని, ఆగి, ఓసారి నా మొహం చూశారు. ఆయనకు అర్థమైంది. పెదవి చివర నవ్వు మెదిలింది. "మీరు రాసేటోళ్ళు వదినె. మాటల్ల పెట్టి మమ్ముల్నే సాచ్చెం పట్టుకుంటరు."

"నేనెక్కడ పట్టాను? సాక్ష్యం మీదే, పిట్టలూ మీవే."

ఆ సాయంత్రం ఇంక ఆ ఊసెత్తలేదు. ఆయన బిడ్డనెత్తుకుని వాకిట్లో వేపచెట్టు కింద చాలాసేపు తిరిగారు. జూన్‌లో బడి తెరిచే నాటికి బట్టల సంచీతో మానుకోటలో దిగారు. "తాళ్ళెక్కుడు బందైంది, ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె" అన్నారట. పొద్దున కోడలు బడికి పోతే, సాయంత్రం దాకా పాలసీసా, ఉయ్యాల, జోలపాట అన్నీ ఆయనవే. మధ్యాహ్నం మా చెల్లెలు వెళ్ళి గంటసేపు కూర్చుంటుంది. పక్కింటావిడ అన్నం పట్టుకొస్తుంది. ఏడుగురు అన్నదమ్ములూ కాకపోయినా ముగ్గురున్నారు. ఫోన్లో నేను "ఎలా ఉంది బావా జకానా ఉద్యోగం?" అంటే, "అదేం పిట్టనో గని, నడుము వంగుతున్నది వదినె" అంటారు.

అందరికీ ఇలాంటి మామగారు దొరకరు, తెలుసు. ఇష్టపడి, ఆలోచించుకుని, ఉద్యోగం మానేసి పిల్లల్ని పెంచుకునే తల్లులున్నారు. వాళ్ళనూ తక్కువ చేయకూడదు. తొర్ర మూసుకునేది కొమ్ముపక్షి తనంతట తనే, బయటి నుంచి ఎవరూ గోడ కట్టరు. నాకు పట్టింపు ఆ ఒక్క ముక్క మీదే.

పుస్తకాల ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. మహాభారతం ఆదిపర్వంలో ఖాండవ దహనం ఉంది. అడవి తగలబడుతోంది. జరిత అనే పక్షికి ఇంకా రెక్కలు రాని నలుగురు పిల్లలు. తండ్రి మందపాలుడు లపిత అనే ఇంకో ఆడపక్షి దగ్గరున్నాడు. మంటలు దగ్గరికొస్తుంటే తల్లి గూడు వదల్లేక గింజుకుంటుంది. అప్పుడు ఆ పిల్లలే అంటారు, అమ్మా, నువ్వు ఎగిరిపో, నువ్వుంటే వంశం నిలుస్తుందని. ఆమె ఎగిరిపోతుంది. పిల్లలు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి బతికి బయటపడతారు. మంటలు చల్లారాక తల్లి తిరిగొచ్చి పిల్లల్ని హత్తుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన తండ్రికి చీవాట్లు పడతాయి. పిల్లల్ని వదిలి ఎగిరిన ఆ తల్లిని చెడ్డదని మాత్రం భారతం అనలేదు. తల్లిపక్షిని తలుచుకునే మన పెద్దలు జరిత దాకా ఎందుకు రారో!

అయితే పిట్టల దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదా? ఉంది. ఇన్ని సంసారాల్లో ఏ రెండూ ఒకలా లేకపోయినా, ఒక్క సంగతి అన్నింటిలోనూ ఉంది. గుడ్డు చల్లారకూడదు, పిల్ల ఆకలితో ఉండకూడదు. ఆ పని ఎవరు చేయాలన్నది ఆ నీళ్ళు, ఆ చెట్టు, ఆ ఏటి తిండిగింజలు తేలుస్తాయి. ఆ పనికి ఓ గడువూ ఉంది. గిజిగాడి పిల్ల రెండున్నర వారాలకు గూడు దాటుతుంది, పాలపిట్ట పిల్ల నెల దాటాక. ఎగరడం వచ్చిన పిల్లను ఏ పిట్టా గూట్లోకి లాక్కుని కూర్చోబెట్టదు. గూడు ఇల్లు కాదు, ఉయ్యాల. అది ఊగినన్నాళ్ళూ ఓ చెయ్యి కావాలి. ఆ చేతికి గాజులుండాలని ఏ పిట్టా రూలు పెట్టలేదు.

అంచేత ఈసారి మీ ఇంట్లో ఎవరైనా పసిబిడ్డ తల్లి ముందు పిట్టను సాక్ష్యానికి పిలిస్తే, కోపగించుకోకండి. మర్యాదగా ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఏ పిట్టండీ?"